చదివిన పిల్ల

సామ్రాజ్యం అక్కకి,

ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. బడుల్లో పిల్లలు ఎలా చదువుతున్నారో చూసి రాసే ఉద్యోగం అని చెప్పానుగా. సోమవారం వాగు అవతల ఊరి బడిలో పుస్తకమిచ్చి చదవమంటే పిల్లలంతా తలలు వంచుకున్నారు. నాలుగో తరగతి ఉదయశ్రీ ఒక్కతే లేచి గడగడా చదివింది. సంతోషపడి మంచి మార్కే వేశాను.

మర్నాడు పక్క ఊరి బడికి వెళ్తే అక్కడా లేచి చదివింది ఆ పిల్లే! హెడ్మాస్టరు గోడకేసి చూస్తూ, "చదువు రావట్లేదని తెలిస్తే ఉన్నవాళ్లనీ మాన్పిస్తారు. పిల్లలు చాలకపోతే బడి ఎత్తేస్తారండి మేడమ్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంతలో ఆ పిల్ల కంట్లో నలక పడితే, వేళ్లు తగలనివ్వకుండా మోచేతి వంపుతో రుద్దుకుంది. మిరప చేలో నువ్వు నాకు నేర్పావే, అచ్చం అలాగే.

బయటికి పిలిచి, "ఇంతకీ నీ బడి ఏదమ్మా?" అని అడిగాను.

"మానేశానండి. అమ్మతో కాయకోతకి పోతన్నా. మీలాంటోళ్లు వచ్చినప్పుడు సారువాళ్లు బండి మీద తీసుకొస్తారు."

నిజం రాస్తే రెండు బడులూ మూస్తారు. దాచితే ఆ తలలు వంచుకున్న పిల్లల గోడు ఎవరికీ పట్టదు. ఏది రాసినా ఉదయశ్రీ రేపు చేలోనే ఉంటుందక్కా.

నేను జీపెక్కుతుంటే పరిగెత్తుకొచ్చింది. "మళ్లీ ఎప్పుడొస్తారండి? మీరొస్తేనే నాకు బడి."

మళ్లీ వచ్చేది ఏడాదికని చెప్పలేకపోయాను.

నీ చెల్లి