పసుపంటిన చొక్కా

ఆర్మూర్

చెన్నకేశవరావు గారికి,

మీరు చూసి రమ్మన్న పాత డీజిల్ బండిని కమ్మర్‌పల్లిలో చూశాను. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాను, పొగ లేదు. లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తుంది. నాలుగు టైర్లూ మార్చాలి. మీటరులో నలభై వేలే ఉంది.

"పెండ్లిళ్లకు తప్ప బయటకు తియ్యలే సార్," అన్నాడు యజమాని భూమేష్.

ఏసీ వేయగానే గాలితో పాటు పసుపు పొడి వచ్చి నా తెల్లచొక్కా మీద పడింది. పక్కనే ఉన్న అతని తల్లి, "మూడేండ్లు పసుపు బస్తాలు మోసిన బండి గదా బిడ్డా, గంత జల్ది పోతదా?" అంది.

మీటరు తిప్పారు. అయినా ఇంజిన్ మంచిదే. కానీ మీరు కొంటున్నది ఉబ్బసంతో ఉన్న మీ ఆవిడను వారం వారం నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లడానికి.

చొక్కా ఉతకకుండా పొట్లం కట్టి పంపుతున్నాను. చూసి మీరే తేల్చుకోండి. పొట్లం మాత్రం ఆవిడ ఉన్న గదిలో విప్పకండి.

ఇట్లు,
మీ ట్రాక్టర్ చూసే మెకానిక్