ఎవరి తాళం వాళ్లదే

నా చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా వేళకి తింటున్నాం, పడుకుంటున్నాం. క్షేమమంటే అదే అయితే క్షేమమే. నువ్వూ ఒంట్లో బాగున్నావని అనుకుంటున్నాను.

మీ నాన్న సంగతి అడిగావు. దగ్గు తగ్గింది, చాదస్తం తగ్గలేదు. కుట్టుమిషను కాస్త చప్పుడు చేస్తే చాలు, "నా కూతురొచ్చాకే దీనికి వైద్యం" అని గుడ్డ కప్పేసి కూర్చుంటున్నారు. పక్కింటి అత్త నిన్న మళ్లీ మొదలెట్టింది, ఆడపిల్ల చేతికి గాజులుండాలి గానీ ఆ గ్రీజేంటి వదినా అని. మీ నీళ్ల మోటారు ఆగినప్పుడు గాజులతో తిప్పుకో అన్నాను. అన్నాను గానీ, లోపలికొచ్చాక ఆవిడ మాటే నెగ్గితే బాగుండుననిపించింది.

ఇక నువ్వడిగిన అన్నయ్య తాళం. మీ కాలేజీలో పెద్ద యంత్రం బాగుచెయ్యడానికి లోపలికి దిగేవాళ్లు, ఎవరూ కరెంటు వెయ్యకుండా ముందు దాని మెయిన్ స్విచ్‌కి ఎవరి తాళం వాళ్లు వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలని, అందరూ సొంత తాళం తెచ్చుకోవాలని రాశావు. నాకు తెలియనిదా తల్లీ. మీ అన్నయ్య ఫ్యాక్టరీలోనూ అదే పద్ధతి. ఆ రోజు రాళ్లు నలిపే యంత్రంలోకి తోటివాడితో కలిసి దిగుతూ, అతను తాళం వేశాడు కదా, ఇద్దరికీ అదే చాలనుకున్నాడు. ఆ అబ్బాయి మంచినీళ్లకని బయటికొచ్చి, అలవాటు కొద్దీ తన తాళం తీసేసుకున్నాడు. లోపల మనవాడున్నాడని స్విచ్ వేసినవాడికి తెలియదు. ఎవర్ని తిట్టను? ఆ అబ్బాయి మన గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే మంచినీళ్లిచ్చింది నేనే. మీ అన్నయ్య తాళం టిఫిన్ డబ్బా పక్కన, సంచిలోనే ఇంటికొచ్చింది.

దాన్ని పంపితే, నువ్వూ దిగు అన్నట్టు. పంపకపోతే, తాళం లేకుండా దిగు అన్నట్టు. మూట కడుతున్నాను, విప్పుతున్నాను. మీ నాన్న చూస్తూనే ఉన్నారు.

ఇంకో మాట ఉంది. ఇందాకట్నుంచి రాయలేక పక్కన పెడుతున్నాను. నీ ఉత్తరం అందిన మర్నాడు నేను మీ కాలేజీకి వచ్చాను. మీ పెద్దమ్మకి ఒంట్లో బాగోలేదని నాన్నకి అబద్ధం చెప్పి బస్సెక్కాను. నీ పేరు కొట్టేయించి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేద్దామనే వచ్చాను. గేటు దగ్గర మనిషి వర్క్‌షాపు చూపించాడు. కిటికీ జాలీలోంచి చూశాను. నీలం చొక్కా, జుట్టంతా టోపీలోకి దోపుకుని ఉన్నావు. కన్నతల్లిని, గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. కాలేజీ వాళ్ల తాళమే కాబోలు, స్విచ్‌కి వేసి గట్టిగా లాగి చూశావు. పరీక్షించడానికేమో మీ మాస్టారు, "తాళంచెవి నాకివ్వమ్మా, నేను పట్టుకుంటాగా" అన్నారు.

"ఇవ్వను సార్. మా అన్నయ్య కూడా పక్కవాళ్లనే నమ్మాడు" అన్నావు.

ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నేను నిన్ను పిలవలేదు. ఏమని పిలవను? వాడు మరిచిపోయినదాన్ని నువ్వు మరవకుండా నేర్చుకుంటున్నావు. అలాగని నా భయం తీరుతుందా?

ఇంతలో నువ్వు వంగి ఆ యంత్రం కడుపులోకి దూరిపోయావు. ముందు తల, తర్వాత బూట్లు. నేనింక అక్కడ నిలబడలేకపోయాను. వెనక్కి తిరిగి బస్సు దాకా ఎలా నడిచానో తెలియదు. నువ్వు బయటికి రావడం నేను చూడలేదు. ఏమైనా అయితే ఈపాటికి కబురొచ్చేదని నాకూ తెలుసు, ఆ మాత్రం తెలివి ఉంది. అయినా ఒక్క ముక్క రాయి తల్లీ, ఆ రోజు బయటికొచ్చానని.

ఇట్లు,
నీ జవాబు అందేదాకా ఏ పని మీదా మనసు నిలవని
మీ అమ్మ