మధ్యాహ్నం కదిలే ఇనుప తాడు

బాపుకు లావణ్య నమస్కరించి రాస్తున్నది. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పసుపు ఉడకబెట్టడం అయిపోయిందా? అవ్వ వేళకు మందులు వేసుకుంటోందా? నేను బాగున్నాను.

ఫోన్‌లో చెబితే సగం విని "జల్ది ఇంటికి రా" అంటావని ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదువు. నా రెండు చేతులూ బాగానే ఉన్నాయి.

గోదావరిఖనిలో ఎండ మన ఊరి ఎండలాంటిదే. కాకపోతే ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి వాలుతుంది. హాస్టల్ అన్నం పర్వాలేదు, పప్పే నీళ్లలా ఉంటుంది. పొద్దుగూకితే మీరంతా గుర్తొస్తారు.

నేను డిప్లొమా ట్రైనింగ్ చేస్తున్న షెడ్డు ఓపెన్‌కాస్ట్ గనికి దగ్గర. యజమాని సదానందం కాక. బురదలో దిగబడిన లారీలను లాగే జీపు ఆయనకు ఉంది. దాని ముందు భాగంలో వించ్ ఉంటుంది, అంటే బ్యాటరీతో తిరిగే డ్రమ్ము, దానికి చుట్టిన ఇనుప తాడు.

మొదటి రోజు మధ్యాహ్నం నేల అదిరింది. గోడకున్న పానాలు గలగలమన్నాయి. గనిలో బ్లాస్టింగ్. నేను చెవులు మూసుకున్నాను. షెడ్డులో ఒక్కరూ తలెత్తలేదు.

"ఏంది కాకా అది?"

"ఏది?" అన్నాడు, నిజంగానే తెలియనట్టు.

నేల మళ్లీ అదిరింది. అప్పుడే ఎవరూ ముట్టని జీపు వించ్ గుర్రుమంది. తాడు చివరి కొక్కెం నేల మీద జానెడు జరిగి ఆగింది. ఈసారి అందరూ చూశారు.

"మా కొమురన్న. డ్యూటీ దిగి అచ్చిండు," అన్నాడు కాక.

కొమురయ్య ఆయన అన్న. ఆ జీపు నడిపినవాడు. పోయినేడు గుండెపోటుతో చనిపోయాడు. బతికున్నప్పుడు ఆ వేళకే వచ్చి తాడు చుట్టేవాడట. అందుకే కాక బ్యాటరీ వైరు విప్పనివ్వడు. రోజూ కొంత తాడు వదిలి ఉంచుతాడు. రోజూ కొక్కెం జరిగేది. 'గగుర్పాటు' అన్న మాట పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను బాపూ. చేతుల మీద వెంట్రుకలు లేచాకే అది నాదైంది.

పోయిన వారం డ్రమ్ము మీద తాడు సరిచేస్తున్నాను. నేల అదిరింది, డ్రమ్ము తిరిగింది. చెయ్యి లాక్కున్నాను. చేతి తొడుగు మాత్రం తాడు కిందే ఉండిపోయింది.

కాక మొహం పాలిపోయింది. "అన్నా, పొల్లను గూడ గుంజుతవా?" అన్నాడు జీపుతో.

"కొమురన్న కాదు కాకా. స్విచ్చు ఖరాబైంది. విప్పి సూపెడత."

"విప్పినంక అన్న రాకపోతే?"

తాడు కింద నుంచి తొడుగు లాగి ఆయన చేతిలో పెట్టాను. అది చిరిగిన చోట వేలు పెట్టి చూసి, తానే బ్యాటరీ వైరు విప్పాడు.

లోపల మోటారుకు కరెంటు కలిపే పాత సోలినాయిడ్లు. వాటి రాగి ముఖాలు నల్లగా కాలిపోయాయి. వాటిని ఎడంగా ఉంచే స్ప్రింగు సడలింది. కాస్త అదిరితే చాలు, రాగికి రాగి తగులుతోంది. మీటరు తగిలించి పెట్టె మీద పిడికిలితో కొట్టాను. కరెంటు దారి కలిసినట్టు మీటరు కూసింది.

"ఇంకోసారి కొట్టు బిడ్డా," అన్నాడు. కొట్టాను. మళ్లీ అడిగాడు. మళ్లీ కొట్టాను.

పాతవి తీసేసి దుమ్ము చొరని కొత్త స్విచ్చు, కాంటాక్టర్ అంటారు, బిగించాం. బ్యాటరీ దగ్గర కరెంటు తెంచే మీట కూడా పెట్టాం.

మొన్న మధ్యాహ్నం బ్యాటరీ కలిపి అందరం నిలబడ్డాం. కాక కొక్కెం వైపే చూస్తున్నాడు. నేల అదిరింది, పైన రేకులు దడదడలాడాయి. కొక్కెం కదల్లేదు. కాక ఉలిక్కిపడి నా భుజం పట్టుకున్నాడు.

"ఏంది బిడ్డా గా సప్పుడు? రోజూ గింత గట్టిగ అయితదా?"

ఇన్నాళ్లూ ఆ వేళ అన్న కోసమే చూసిన ఆయనకు బ్లాస్టింగ్ ఇప్పుడే వినబడుతోంది. నిన్న కూడా అలాగే ఉలిక్కిపడ్డాడు. అందుకే ట్రైనింగ్ మధ్యలో వదిలి రాలేను బాపూ, ఫికర్ చెయ్యకు. నా అలమారలోని నిఘంటువు, అమ్మ పెట్టిన చింతకాయ తొక్కు బస్సులో పంపు. అవ్వకు, పెద్దనాయినకు నా దండాలు. బ్లాస్టింగ్ వేళ దగ్గరపడుతోంది. కాక అప్పుడే గోడ గడియారం చూస్తున్నాడు. చాయ్ తీసుకొని వెళ్లి పక్కన కూర్చోవాలి.

నీ దీవెన కోరుతూ,
నీ చిన్న బిడ్డ
లావణ్య