రెండు టికెట్లు, ఒక తొట్టి

కొత్తదొడ్లపల్లె,
ఉదయగిరి మండలం,
6-9-2021

ఆత్మకూరు కొండగాలి పార్కు మేనేజరు నాయనకు,

కొత్తదొడ్లపల్లె నుంచి గొర్రెల తిరుపాలమ్మ రాసేదేమంటే, నేను బాగుండాను, గొర్రెలు బాగుండాయి, మీరూ మీ పార్కూ బాగుండారని తలుస్తాను.

కరోనాకు మూసిన మీ పార్కును మళ్లీ తెరుస్తారని ఆత్మకూరు బస్టాండులో పోస్టర్ చూసినాను. మంచిది. నా దగ్గర మీ జెయింట్ వీల్ టికెట్లు రెండు ఉండాయి. ఒకటి నాది, ఒకటి మస్తానమ్మది. మస్తానమ్మ మా పక్కింటి మనిషి, నాకు వదిన వరస. పోయిన ఏడాది మార్చి పదిహేనో తేదీ ఆదివారం ఇద్దరం మీ క్యూలో నిలబడినాం. మా ముందు నలుగురే ఉండారు. అంతలో ఎవరో విజిల్ ఊది, కరోనా అంట, ఇండ్లకు పోండి అన్నారు. గేటు దగ్గర పెద్దాయన మాత్రం, "వచ్చే వారం రాండమ్మా, టికెట్లు జాగ్రత్త" అని చెప్పినాడు. జాగ్రత్తగానే పెట్టినాను. మస్తానమ్మ వక్కాకు సంచి నా దగ్గరే ఉండాది, అందులో పెట్టినాను.

మేమిద్దరం నలభై ఏళ్లు గొర్రెలు తోలినాం. ఎడగారు పంట కోతలైనాక చేజర్ల, ఆత్మకూరు రైతులు పెంట ఎరువు కోసం పిలుస్తారు, కయ్యల్లో మందను ఆపుతాం. వచ్చినప్పుడల్లా మీ చక్రం తిరగడం కనపడేది. మస్తానమ్మ అనింది, "నలభై ఏండ్ల నుంచి గొర్రెల తోకలే చూస్తుండాం వదినా, ఒక్కసారి పైకి పోయి వీపులు చూద్దాం పా" అని. అందుకే టికెట్లు కొన్నాం. వేరే సరదా ఏమీ లేదు.

ఎప్పుడు రమ్మంటారో రాయండి. ఫోను మాత్రం చేయొద్దు. ఫోనులో చెప్పిన మాట సాయంత్రానికి మారిపోతుంది, కాగితం మీద మాట మారదు.

ఇట్లు,
ఇంకా క్యూలోనే ఉన్న
తిరుపాలమ్మ

తా.క.: మీ పోస్టర్లో పులి బొమ్మ వేసినారు. లోపల పులి ఉండాదా? ఉంటే మందను ఆ దారిన తోలుకురాను.

*

కొండగాలి పార్కు, ఆత్మకూరు,
11-9-2021

గౌరవనీయులైన తిరుపాలమ్మ గారికి,

మీ లేఖ అందింది. పాత టికెట్లు చెల్లుతాయి. అయితే పార్కు తిరిగి తెరుస్తున్న సందర్భంగా కొన్ని ఆరోగ్య నిబంధనలు పెట్టుకున్నాం. అరవై ఐదేళ్లు దాటినవారికి, పదేళ్లలోపు పిల్లలకు ప్రస్తుతం ప్రవేశం లేదు. మిగతావారు రెండు డోసుల టీకా వేయించుకుని ఉండాలి. లోపల ఉన్నంతసేపు మాస్కు తీయరాదు. మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల దూరం ఉండాలి. జెయింట్ వీల్ తొట్టిలో రెండు సీట్లు ఉన్నప్పటికీ ఒక్కరే కూర్చోవాలి, పక్క సీటు ఖాళీగా ఉంచాలి.

కాబట్టి మీ ఇద్దరి వయసు ధ్రువీకరణ, ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ పంపగలరు.

ఇట్లు,
మీ క్షేమమే మా నిబంధనగా,
పెంచలప్రసాద్, మేనేజర్

తా.క.: పులి లేదు. అది పిల్లలు ఎక్కే ఇనుప పులి. కడుపులో మోటారు ఉంటుంది.

*

కొత్తదొడ్లపల్లె,
16-9-2021

మేనేజరు పెంచలప్రసాదు నాయనకు,

మీ రూళ్లు రెండుసార్లు చదివినాను. మాకు ఇవేమీ కొత్త కాదు. సంతలో కొన్న గొర్రెను ఎవరైనా నేరుగా తెచ్చి మందలో కలుపుతారా? వేరుగా కట్టేసి పది రోజులు చూస్తాం. ముక్కు కారినా, మేత ముట్టకపోయినా కలపం. మీ ఆఫీసువాళ్లు నిన్నగాక మొన్న నేర్చుకున్నది మా తాత ఎప్పుడో చేసినాడు. కాబట్టి నేను కూడా ఆ పద్ధతిలోనే ఉండాను. మూడు రోజుల నుంచి దొడ్డి పక్క పాకలో వేరుగా పడుకుంటుండాను. మా కొడుకు కేశవ అన్నం గిన్నెను కర్రతో జరుపుతుండాడు. మొదటి రోజు కూర ఒలకబోసినాడు, ఇప్పుడు చేయి తిరిగింది.

మాస్కు గురించి. ముందు ఎద్దుల మూతికి కట్టే చిక్కం పెట్టుకుని చూసినాను. గాలి బాగా ఆడింది. కేశవ చూసి, "ఇది కాదుమ్మా, పార్కోళ్లు నవ్వుతారు" అని గుడ్డ మాస్కు తెచ్చిచ్చినాడు.

డాక్టరు సర్టిఫికెట్ జత చేసినాను. మా పల్లెకు వచ్చే డాక్టరు రజితమ్మ ఒక్కతే. చేయి చాలా మంచిది. మనుషులకు రాయకూడదు పెద్దమ్మా అని మొదట మొండికేసింది. నేను కదల్లేదు. చివరికి మందకు రాసిచ్చింది. మందతో పాటు నేనూ ఉండాను గదా, మందకు లేని రోగం నాకు ఎట్టా ఉంటుంది? ఆధార్ జిరాక్సు కూడా పెట్టినాను.

మస్తానమ్మ సర్టిఫికెట్ సంగతి తర్వాత చూద్దాం. ఆమె వల్ల మీకు ఏ ఇబ్బందీ ఉండదు, నాది పూచీ.

ఇట్లు,
పాకలో వేరుగా ఉన్న
తిరుపాలమ్మ

తా.క.: గొర్రెలకు టీకా వేసినాక వీపు మీద ఎర్ర రంగు పూస్తాం. వేసిందేదో, వేయనిదేదో దూరం నుంచే తెలిసిపోతుంది. మీరు గేటు దగ్గర సర్టిఫికెట్లు చదువుతా కూర్చునే బదులు ఒక డబ్బా రంగు కొనండి.

*

కొండగాలి పార్కు, ఆత్మకూరు,
21-9-2021

గౌరవనీయులైన తిరుపాలమ్మ గారికి,

మీరు పంపిన సర్టిఫికెట్ ప్రకారం అరవై రెండు జీవాలు గాలికుంటు లక్షణాలు లేకుండా, మేత బాగా మేస్తూ ఆరోగ్యంగా ఉన్నాయి. సంతోషం. వాటికి పార్కులో ప్రవేశం లేదు.

ఇక మీ ఆధార్‌లో వయసు అరవై ఎనిమిది అని ఉంది. మన్నించాలి, మిమ్మల్ని అనుమతించలేం. ఇది మీ ఆరోగ్యం కోసమే. టికెట్లు ఇంట్లో చిన్నవారికి ఇచ్చి పంపితే సంతోషంగా ఎక్కిస్తాం.

మస్తానమ్మ గారి గురించి మీరు అసలు విషయం ఒక్క ముక్క రాయలేదు. ఆమె వయసెంత? ఆమె సర్టిఫికెట్ ఏది? ఆమెకు కోవిడ్ వచ్చిందా? అవును, కాదు అని ఒక్క మాటలో తెలపండి. ఇలాంటివి దాస్తే ప్రమాదం అందరికీ.

ఇట్లు,
నిబంధనలకు కట్టుబడిన
పెంచలప్రసాద్, మేనేజర్

తా.క.: రంగు ఆలోచన మా నాన్నగారికి బాగా నచ్చింది. డబ్బా కొనమంటున్నారు. నేను ఒప్పుకోలేదు.

*

కొత్తదొడ్లపల్లె,
27-9-2021

మేనేజరు పెంచలప్రసాదుకు,

ఈసారి నాయనా అని రాయడం లేదు. కోపంగా ఉండాను.

మీ గేటు దగ్గర టికెట్లు చింపే జనార్దనయ్య మీ నాయనేనని, ఆయనకు డెబ్బై రెండేళ్లని ఆత్మకూరులో విచారించినాను. ఊరందరి చేతులూ తగిలే చోట కూర్చున్న డెబ్బై రెండేళ్ల మనిషికి లేని ప్రమాదం, ఆకాశంలో ఒక్కదాన్నే కూర్చునే నాకు ఎక్కడి నుంచి వస్తుంది? ముందు మీ నాయనను అక్కడ నుంచి లేపండి, తర్వాత నా వయసు అడగండి.

నా జబ్బుల గురించి మీరు అడిగినారు, మీ చక్రం జబ్బుల గురించి నేను అడుగుతాను. పద్దెనిమిది నెలలు వానలో తడిసిన ఇనుము అది. గొర్రెను కొనేటప్పుడు పళ్లు పట్టి చూస్తాం. మీ నట్లు ఎవరు పట్టి చూసినారు? ఎంత బరువు పెట్టి తిప్పినారు? ఇసుక మూటలు పెట్టి తిప్పినామంటే నేను ఒప్పుకోను, ఇసుక మూట భయపడి కదలదు. మీరు ఎక్కినారా?

వేళాకోళం చేస్తుండానని అనుకోవద్దు. రోగమంటే నాకు భయం లేదని అనను. మే నెలలో మా పల్లెలో అది చేసిన పని కళ్లారా చూసినాను. చూసినాను కాబట్టే రెండు సూదులూ వేయించుకున్నాను. ఉదయగిరికి పోయి మనుషుల డాక్టరుకే బీపీ, షుగరు, గుండె చూపించి కాగితం తెచ్చినాను, జత చేసినాను. భయపడి చేయాల్సినవన్నీ చేసినాను. ఇంక ఎక్కడమే మిగిలి ఉండాది. టికెట్లు చిన్నోళ్లకు ఇయ్యను. ఇది నేనే ఎక్కాలి.

మస్తానమ్మ గురించి ఒక్క మాటలో అడిగినారు. అవును. మే నెలలో వచ్చింది. ఇప్పుడు జ్వరం లేదు, దగ్గు లేదు, ఆయాసం లేదు. ఇంతకు మించి అడగొద్దు.

ఇట్లు,
వెనక్కు తగ్గని
తిరుపాలమ్మ

తా.క.: పది రోజుల్లో బదులు రాకపోతే మందను తోలుకుని మీ గేటు ముందుకు వస్తాను. ఆరడుగుల దూరం ఉండమని వాటికి మీరే చెప్పుకోండి.

*

కొండగాలి పార్కు, ఆత్మకూరు,
4-10-2021

తిరుపాలమ్మ పెద్దమ్మకు,

అక్షరాలు వంకరగా ఉన్నందుకు ఏమీ అనుకోవద్దు. కారణం కింద రాస్తున్నాను.

మీ ఉత్తరాన్ని ముందు మా నాన్న విప్పారు. చదివి, కుర్చీ తీసుకుని ఇంటికెళ్లి కూర్చున్నారు. "ఆమె అడిగిందానికి బదులు చెప్పరా, అప్పుడు వస్తా" అన్నారు. నెల్లూరు నుంచి ఇంజనీరును పిలిపించాను. ఆయన నాలుగు నట్లు మార్చాడు. మీరన్నట్టే మేము ముందు ఇసుక మూటలతోనే తిప్పి సరిపెట్టుకున్నాం. ఈసారి నేను ఎక్కాను. ఎనిమిదేళ్లుగా ఈ పార్కు మేనేజర్ని, ఆ చక్రం ఎక్కడం ఇదే మొదలు. నాకు ఎత్తంటే భయమని ఇక్కడ ఎవరికీ తెలియదు, ఇప్పుడు అందరికీ తెలుసు. ఐదు చుట్లు తిరిగాను. కళ్లు తెరిచింది రెండు చుట్లకే. చక్రం బాగుంది.

నాన్నకు గేటు దగ్గర అద్దాల గది కట్టించాను. రూలు కూడా మార్చాను. రెండు డోసులు, డాక్టరు కాగితం ఉన్న పెద్దవాళ్లను ఆదివారం ఉదయం, జనం రాకముందు ఎక్కిస్తాం. పదో తేదీ పదింటికి రండి. మీరే మొదటివారు.

కానీ రెండు విషయాల్లో నన్ను కదిలించలేరు. తొట్టిలో పక్క సీటు ఖాళీగా ఉండాల్సిందే, మస్తానమ్మ గారు వేరే తొట్టిలో కూర్చోవాలి. రెండోది, సర్టిఫికెట్ లేనిదే ఆమెను గేటు దాటనివ్వను. ఆమెకు వాసన తెలుస్తోందా, ఆకలి ఉందా, నడుస్తోందా, ఏమీ రాయడం లేదు మీరు. ఏదో దాస్తున్నారు. నాకు అనుమానంగా ఉంది.

ఇట్లు,
తల ఇంకా తిరుగుతున్న
పెంచలప్రసాద్

తా.క.: మందను గేటు ముందుకు తేవద్దు. పార్కు వెనక కయ్య మా చిన్నాన్నది, పెంట కోసం ఎదురుచూస్తున్నాడు. అక్కడ ఆపుకోండి.

*

కొత్తదొడ్లపల్లె,
12-10-2021

పెంచలప్రసాదు నాయనకు,

దిగి రెండు రోజులైంది, నేల ఇంకా కొంచెం కదులుతానే ఉండాది. మీ నట్లు గట్టివి. మీ నాయన అద్దాల గదిలో బాగుండాడు, పెండ్లికొడుకు మాదిరి.

ఆదివారం గేటు దగ్గర మీరు మళ్లీ అడిగినారు, మస్తానమ్మ ఎక్కడ, సర్టిఫికెట్ ఎక్కడ అని. వెనక వస్తాదిలే అన్నాను. అబద్ధం చెప్పినాను. అప్పుడు నిజం చెప్పి ఉంటే నా కాళ్లు చక్రం దాకా వచ్చేవి కావు. మీరు అడిగిన సర్టిఫికెట్ ఇదిగో, ఇందులో పెట్టినాను. నెల్లూరు కార్పొరేషనోళ్ల సంతకం, సీలు అన్నీ ఉండాయి. చదవండి.

మస్తానమ్మ మే నెల పంతొమ్మిదిన పోయింది. నెల్లూరు ఆస్పత్రిలో. ఎవరినీ దగ్గరికి రానీయలేదు. ముందు రోజు ఫోను చేసి, ఆయాసపడుతా, "టికెట్లు జాగ్రత్త వదినా" అనింది. మర్నాడు మళ్లీ ఫోను మోగితే ఆమే అనుకుని ఎత్తినాను. ఆమె కాదు. అప్పటి నుంచి నాకు ఫోను ఎత్తబుద్ధి కాదు. మాట మారుతుందని మీకు రాసింది ఊరికే రాసినాను.

ముందే చెప్పి ఉంటే, పోయిన మనిషి టికెట్టు చెల్లదని ఇంకో రూలు పెడతారని భయపడినాను. మీరు పెట్టేవాళ్లు కాదని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు గదా.

నాయనా, మీ రూళ్లన్నిటితోనూ పోట్లాడినాను, ఒక్కదానితో తప్ప. పక్క సీటు ఖాళీగా ఉంచాలనేది. మీ మొదటి ఉత్తరంలో అది చదివినప్పుడే అనుకున్నాను, ఆ సీటు మస్తానమ్మదని. తొట్టిలో ఆమె వక్కాకు సంచిని పక్కన పెట్టి దానికీ బెల్టు కట్టినాను. మీవాళ్లు చూసి, తలుపు వేసి చక్రం తిప్పినారు.

పైకి పోయినాక కిందికి చూసినాను. మీ చిన్నాన్న కయ్యలో మా మంద, కల్లంలో శనక్కాయలు ఆరబోసినట్టు ఉండాది. కేశవ చేయెత్తి ఊపినాడు. ఒక్క తోక కూడా కనపడలేదు, అన్నీ వీపులే. "చూడు వదినా" అని గట్టిగానే అన్నాను. తర్వాత ఏడిచినాను. మాస్కు తడిసి ముక్కుకు అతుక్కుంది, అయినా తీయలేదు.

మీ నాయన నా టికెట్టు చింపి, రెండోది చింపకుండా తిరిగిచ్చినాడు, మనిషి వచ్చినాక చింపుతానని. దాన్ని కూడా ఇందులో పెట్టినాను. చింపమని చెప్పండి. ఆమె ఎక్కింది.

ఇట్లు,
ఇప్పుడు క్యూలో లేని
తిరుపాలమ్మ

తా.క.: ఆధార్‌లో నా వయసు అరవై ఎనిమిది అని రాయించింది మస్తానమ్మే, పింఛను తొందరగా వస్తాదని. నిజానికి నాకు అరవై ఒకటి. మీ వయసు రూలు నాకు మొదటి నుంచీ తగల్లేదు. ఆ మాట చెప్పి ఉంటే ఇన్ని ఉత్తరాలు ఉండేవి కావు, పింఛనూ ఉండేది కాదు. టికెట్టుతో పాటు ఈ ముక్క కూడా చింపమని మీ నాయనకు చెప్పండి.