నాలుగో అమ్మాయి ఇచ్చిన రెండు పూలు

యాష్, జూన్ 27

అమ్మా స్మరాండా,

ఎదురుగా అడగలేక రాస్తున్నాను. విశ్వవిద్యాలయం వేసవి ప్రదర్శనకు నేను వేసిన బాయిలర్ గది బొమ్మను ఎంపిక సంఘమే తీసుకుందా, లేక ఆ ప్రదర్శన ఆఫీసులో పనిచేస్తున్నావు కాబట్టి నువ్వే గోడకెక్కించావా? ముప్పై ఏళ్లుగా ఆ విశ్వవిద్యాలయంలోనే బాయిలర్ చూసుకుంటున్నవాణ్ణి, బొమ్మలు వేయడం నాకెవరూ నేర్పలేదు. జాలితో పెట్టినదైతే సోమవారం వచ్చి తీసుకుపోతాను.

నిన్న ప్రదర్శన దగ్గర జరిగిన సంగీత కచేరీ విరామంలో ముక్కూమొహం తెలియని నలుగురు అమ్మాయిలు వచ్చి, బొమ్మ బాగుందని కార్నేషన్ పూలు ఇచ్చారు. ఇంటికొచ్చి రోజువారీ పుస్తకంలో రాసుకోబోతూ లెక్కపెట్టాను. ముగ్గురివి మూడేసి, నాలుగో అమ్మాయివి రెండు. సరి సంఖ్యలో పూలు సమాధి మీద పెడతాం గాని, బతికున్నవాడికి ఎవరు కొంటారు? పదకొండు పూల గుత్తి కొని నలుగురికీ పంచింది నువ్వేనని నా అనుమానం.

పూలు లేకుండా వచ్చింది ఒక్క ముసలావిడే. బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

"ఏమయ్యా, కిటికీ ఎడమవైపు ఉంటే గొట్టం నీడా ఎడమకే వేశావేం? సూర్యుడు నీ చుట్టమా, చెప్పినట్టు వినడానికి?"

"అక్కడ అలాగే పడుతుందండీ."

"అయితే మళ్లీ వెళ్లి చూడు నాయనా."

ఈ ఉదయం బాయిలర్ గదికి వెళ్లి చూశాను. ఆవిడ మాటే నిజం.

ఒక్క మనిషైనా నిజంగా చూసింది కనుక బొమ్మను అక్కడే ఉండనీ. మిగతా సంగతులన్నీ దాచకుండా రాయి, కోపగించుకోను. ఆవిణ్ణి కూడా నువ్వే పంపి ఉంటే మాత్రం, ఆ ఒక్కటీ నాకు చెప్పకు.

మీ మామయ్య