గోడ మీద అరవై ఎనిమిది

అక్కకి,

శ్రీను రాస్తున్నాను. నేనిక్కడ క్షేమం. నరసాపురంలో మీరంతా బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? నీకు ఇంకా పథ్యమే పెడుతున్నారా? పాప నిన్ను నిద్రపోనిస్తోందా? ఫోన్‌లో అడిగితే అన్నిటికీ "బాగానే ఉంది" అంటారు. నేనూ అదే అంటాను. అందుకే కాగితం తీశాను.

ఈ ఎడారిలోని పాల డెయిరీకి వచ్చి ఎనిమిది నెలలైంది. ఎటు చూసినా ఇసుకే. పంటు ఎక్కి గోదావరి దాటేటప్పుడు మొహానికి తగిలే తడిగాలి గుర్తొస్తే కాసేపు కళ్ళు మూసుకుని నిలబడతాను. పని మాత్రం నచ్చింది. పుట్టిన ప్రతి దూడనీ తుడిచి, తూచి, పుస్తకంలో రాయాలి. దూడ కాటా మీద కుదురుగా నిలబడదు కదా, దాన్ని ఎత్తుకుని నేనే ఎక్కి, వచ్చినదాంట్లోంచి నా బరువు తీసేస్తాను. చేరిన రోజు తూగిన అరవై ఎనిమిదిని కాటా పక్క గోడ మీద సుద్దతో రాసుకున్నాను. రోజూ అదే తీసేస్తూ వచ్చాను.

ఈమధ్య నలభై కిలోలు ఉండాల్సిన దూడలు ముప్పై నాలుగే తూగుతున్నాయి. చూడి ఆవులకి దాణా సరిగ్గా కలపడం లేదని ఇక్కడి పశువుల డాక్టరుగారు సత్తిబాబుగారి మీద పడ్డారు. సత్తిబాబుగారు మన కొవ్వూరాయనే, దాణా కలిపే పని ఆయనది. వారంలో మార్పు లేకపోతే ఇంటికి పంపించేస్తామన్నారు. మర్నాడు సత్తిబాబుగారు తిన్నగా కాటా దగ్గరికొచ్చి, నన్ను ఎగాదిగా చూశారు.

"దూడని దించు శ్రీనూ. ముందు నువ్వొక్కడివీ ఎక్కు."

"ఎందుకండీ?"

"ఎక్కవయ్యా!"

ఎక్కాను. అరవై రెండు.

"ఏంటయ్యా ఇది! తగ్గింది దూడలు కాదు, నువ్వు. అసలు తింటున్నావా?"

ముద్ద చేతిలోకి తీసుకునేసరికి మీరు గుర్తొచ్చి కంచం పక్కకి నెట్టేస్తున్న మాట నిజం. "కడుపునిండా తిన్నాను" అని ఫోన్‌లో చెప్పినవన్నీ అబద్ధాలే అక్కా. నా మూలంగా ఆయన ఉద్యోగం పోబోయింది. డాక్టరుగారికి అంతా చెప్పేశాను. తిట్టారు, తర్వాత నవ్వారు, గోడ మీద అంకె తుడిపించేశారు. ఇప్పుడు ప్రతిసారీ ముందు నేను తూగాలి. సత్తిబాబుగారు పక్కన కూర్చోబెట్టుకుని, మారు వడ్డించుకునేదాకా లేవనివ్వడం లేదు. ఇక బెంగ పెట్టుకోకు, నిజంగానే తింటున్నాను. అమ్మకి చదివి వినిపించేటప్పుడు మాత్రం ఈ ముక్క దాటెయ్యి.

ఒక్క కోరిక. పాప ఎంత బరువు పుట్టిందని అడిగితే, పైకి చెబితే దిష్టి తగులుతుందని అమ్మ నీ చేతిలోంచి ఫోన్ లాగేసుకుంది. పోనీ కాగితం మీద రాయి, ఎవరికీ వినబడదు. రోజూ దూడల్ని ఎత్తుకుంటున్నాను గానీ, మేనమామనై ఉండి పాపని ఇంతవరకు ఎత్తుకోలేదు. నువ్వు రాస్తే సరిగ్గా అంత బియ్యం తూచి, మూట కట్టి, కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.

బావగారికీ, మీ అత్తగారికీ నా నమస్కారాలు చెప్పు. అమ్మని దీవించమను. పాప నెత్తి మీద నా బదులు ఒకసారి నువ్వే చెయ్యి పెట్టు.

నీ తమ్ముడు
శ్రీను
నిన్న తూగితే అరవై నాలుగు