గడపకు అడ్డంగా పలకరాయి

శనివారం రాత్రి

గడపకు అడ్డంగా పలకరాయి నిలబెట్టింది నేనే. వాకిట్లో నాయన పలకలు కోస్తాడు, ముక్కలన్నీ కత్తుల్లా పడి ఉంటాయి. అక్క కొడుకు వాటి మీదికే పాకుతాడు. పొద్దుటి నుంచి పదిసార్లు ఎత్తుకొచ్చి, విసిగిపోయి ఆ పని చేశాను.

వాడు ఆ రాయినే పట్టుకుని లేచి నిలబడ్డాడు. అది వాడి మీదికి ఒరిగింది. పరుగెత్తి పట్టుకున్నాను. నా వేలు నలిగింది, వాడికేమీ కాలేదు.

"మనోడు నిలబడినాడే!" అని అమ్మ మురిసిపోయింది.

"నిన్ను కాపలా ఉండమంటే బిడ్డకు గోరీ కట్టినావేందిరా?" అని అక్క అరిచింది.

పాకేవాడికి అందకూడదని ఉలి, కిరసనాయిలు బుడ్డి మంచం మీద పెట్టి ఉంచాను. ఇప్పుడు నిలబడుతున్నాడు. ఇక వాటిని ఎక్కడ పెట్టాలి?